పసుపు పూసిన ఉలవలు

పసుపు నీళ్లలో కరగదు, చీర మీద పడితే బిందెడు నీళ్లు గుమ్మరించినా పోదు, సబ్బు పెడితే ఎర్రబడి వెక్కిరిస్తుంది తప్ప పోదు, ఇంత చిన్న సంగతి గిన్నెలు తోమే ప్రతి మనిషికీ తెలిసినప్పుడు బయోకెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి ఐదేళ్లుగా ఉలవల మీద పరిశోధన చేస్తున్న నాకు ఎందుకు తట్టలేదు, మూడుసార్లు డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి నీడలో ఆరబెట్టి పొడి చేశాను అని థీసిస్ యాభై రెండో పేజీలో గొప్పగా రాసుకున్నాను కూడా, ఉత్త పసుపుకే నీళ్లు చాలవు, ఇక్కడ దానికి తోడు ఆముదం, ఆముదంలో రంగరించిన పసుపు మీద నీళ్లు పోస్తే నీళ్లు వాటి దారిన అవి జారిపోతాయి, పసుపు దాని చోట అది ఉంటుంది, హెబ్బాళ ఒకటి అన్నాను, కండక్టరు అప్పటికే రెండుసార్లు అడిగినట్టున్నాడు, ఎల్లిగమ్మా ఎల్లిగె అని విసుక్కుంటున్నాడు, ఎక్కడికో నాకు మాత్రం సరిగ్గా తెలుసా నాయనా, ఒళ్లో స్టీలు డబ్బా వెచ్చగా ఉంది, అందులో అక్కయమ్మత్త కాచిన ఉలవకట్టు, మా గైడు రాజగోపాల్ సారుకి ఇమ్మని పంపింది, మూత సందులోంచి వెల్లుల్లి తాలింపు వాసన వస్తోంది, పక్క సీటు ఆవిడ రెండుసార్లు డబ్బా వైపు చూసింది, ఈ రోజు పదకొండింటికి హెబ్బాళలో మా కాలేజీలో సెమినార్, థీసిస్ ఇచ్చేముందు డిపార్ట్‌మెంట్ అందరి ఎదుటా నిలబడి ఐదేళ్ల పని చెప్పుకునే చివరి సెమినార్, పధ్నాలుగు రకాల ఉలవలు, ఒక్కో రకం గింజలోంచి తీసిన సారం, ఒంట్లో కణాలు పాడవకుండా కాపాడే గుణం దేనిలో ఎక్కువుంది, వాపు తగ్గించే గుణం దేనిలో ఎక్కువుంది, ఒకదాని పక్కన ఒకటి పెట్టి పోల్చడం, పోల్చి చూస్తే రెండింటిలోనూ మొదటిది మా వర్తూరు నల్ల ఉలవ, రెండోదానికి అందనంత ఎత్తులో మొదటిది, దాని మీదే థీసిస్ పేరు పెట్టుకున్నాం, ఇప్పుడు ఎనిమిదిన్నర, ఇంకా రెండున్నర గంటలుంది, పదకొండింటికి నేనేం చెప్పాలి.

అసలు పొద్దున్నే నేను వంటింట్లోకి వెళ్లకుండా ఉండాల్సింది, కాఫీ ముందుగదిలోకే తెస్తానని అమ్మ అంది కదా, సెమినార్ ఉన్న మనిషి కుదురుగా కూర్చుని కాగితాలు చూసుకోక వంటింట్లో ఏం పని, అక్కయమ్మత్త మా నాన్నకి పెద్దక్క, వర్తూరులో ఒక్కతే ఉంటుంది, మోకాళ్లు చూపించుకోవడానికి నిన్న సాయంత్రం కె.ఆర్.పురంలో మా ఇంటికి వచ్చింది, వస్తూ సంచిలో ఉలవలు తెచ్చింది, మాలూరు గంగన్న ఈ రోజు రైలెక్కే ముందు వచ్చి తీసుకుపోతాడట, తన చేను పోయినా విత్తనం పోకూడదని రెండేళ్లుగా గంగన్న చేలో వేయిస్తోంది, నేను వెళ్లేసరికి కాళ్లు చాచి కూర్చుని, ఉబ్బిన మోకాళ్ల పక్కన చాట పెట్టుకుని, అరచేతిలో ఆముదం పోసుకుని అందులో పసుపు రంగరించి, రెండు చేతులా ఉలవలకి పట్టిస్తోంది, తొందరేమీ లేకుండా, పసిబిడ్డకి నలుగు పెట్టినట్టు, ఏం చేస్తా ఉండావత్తా అన్నాను, విత్తనానికి పూస్తా ఉండాను పాపా, పురుగు పట్టకుండా అంది, సరే అనుకున్నాను, పురుగు పట్టకుండా పూస్తారు, ఎవరైనా పూస్తారు, అనుకుని కాఫీ గ్లాసు ఎత్తాను, అది నోటిదాకా వచ్చి ఆగింది, అత్తా, రెండేళ్ల కిందట నా కాలేజీకని ఇచ్చినావే, వాటికి కూడా పూసినావా, అట్లడుగుతావేమి పాపా, మన విత్తనం గడప దాటి ఇంకొకరి దగ్గరికి పోయేటప్పుడు ఒట్టిగా పంపిస్తామా, ఆడబిడ్డని పసుపు లేకుండా పంపిస్తామా, నీ పరీక్షకి పోతా ఉండాయని రెండు పిడికిళ్లు ఎక్కువే వేసినా, ఇంట్లో దంచిన పసుపు, అంగడిది కాదు, గెలవాల కదా అంది, గెలవాల కదా అని నవ్వింది, నేనూ నవ్వాననుకుంటాను, గ్లాసు ఎక్కడ పెట్టానో గుర్తులేదు, స్నానం చేశానో లేదో కూడా గుర్తులేదు, జుట్టు తడిగా ఉంది కాబట్టి చేసే ఉంటాను.

తీగల వంతెన దాటింది బస్సు, టిన్ ఫ్యాక్టరీ దగ్గర ఎప్పట్లాగే ఆగిపోయింది, ముందు లారీ, లారీ ముందు ఇంకో లారీ, శశికళా, ముందు నువ్వు కంగారు పడటం మానెయ్, పసుపు పూసినంత మాత్రాన ఏమైపోయింది, నల్ల తొక్క ఉన్న గింజకి ఆ గుణం సహజంగానే ఎక్కువుంటుంది, తొక్కలోనే ఉంటుంది అంతా, చదువుకున్నదే కదా, కాబట్టి మా ఉలవ మొదటిది కావడంలో వింతేమీ లేదు, మరి పావగడ ఉలవ, అదీ నల్లదే, అది ఎనిమిదో స్థానంలో ఎందుకుంది, దాని సంగతి వేరు, నేల వేరు, వాన వేరు, ఒప్పుకున్నాను, నేల వేరు, కానీ పావగడ ముప్పై తొమ్మిది శాతం దగ్గర కూర్చుంటే మాది ఎనభై ఎనిమిది దగ్గర కూర్చోవడానికి వర్తూరు నేలలో ఏముంది తల్లీ, బంగారం ఉందా, ఆ రోజు పరీక్ష నాళికలో ఊదారంగు ద్రావణం పోసి సారం చుక్కలు వేశాను, గుణం ఎంత ఉంటే ఊదా అంతగా విరిగిపోయి పసుపుపచ్చగా మారుతుంది, ఎంత విరిగితే అంత శాతం, మిగతావి అరగంటసేపు నాన్చుతూ కూర్చుంటే మాది చూస్తుండగానే మారిపోయింది, పక్క బెంచి పల్లవి, విజయవాడ పిల్ల, పరిగెత్తుకొచ్చి చూసి, ఏంటి శశీ ఇది, సూపర్ రిజల్ట్ కదా, మీ అత్తగారికి అథర్‌షిప్ ఇచ్చేయ్ అంది, అందరం నవ్వాం, నేను పసుపుపచ్చ కోసం చూస్తున్నాను, పసుపుపచ్చ వచ్చింది, ఇంకేం కావాలి, సారం కూడా మిగతా పదమూడింటికంటే ముదురుగా ఉంది, నల్ల తొక్క రంగు దిగింది అని రాసుకున్నాను, వాపు పరీక్ష సంగతీ అంతే, గుడ్డు తెల్లసొనలో ప్రోటీన్ వేడి తగిలితే గడ్డకడుతుంది, దాన్ని గడ్డకట్టకుండా ఏ సారం ఎంత ఆపుతుందో చూడటం, మాది ఆపినట్టు ఇంకేదీ ఆపలేదు, ఆపదా మరి, దెబ్బ తగిలితే ప్రతి ఇంట్లోనూ పసుపే కదా పెడతారు, నా మోకాలు చీరుకుపోయినప్పుడు ఇదే అత్త ఇదే ఆముదంలో ఇదే పసుపు రంగరించి పట్టు వేసింది, నాకు ఏడేళ్లు, మర్నాటికి వాపు తగ్గింది, అప్పుడు అది ఉలవల మహిమ అని ఎవరూ అనలేదు.

సరే, పసుపు ప్రభావం ఉంది అనుకుందాం, ఎంత ఉంది, కొద్దిగా ఉంటే మొదటిది మొదటిదే, ఎనభై ఎనిమిది డెబ్బై అవుతుంది, రెండోది చింతామణి ఉలవ, యాభై ఎనిమిది, అప్పటికీ మనదే పైన, పల్లవి ఎప్పుడూ అనేట్టు కొలతలో ఎరర్ కింద పోతుంది, మరి ఎక్కువుంటే, ఎంత ఉంటే ఎక్కువ, రెండు సేర్ల ఉలవలకి పిడికిళ్లతో పసుపు వేసింది, రెండు ఎక్కువే వేసినా అంది, ఎక్కువ అంటే మొత్తం ఎన్ని, అడగాల్సింది, అడిగి ఏం చేస్తాను, పిడికెడుకి ఇన్ని గ్రాములని థీసిస్‌లో రాస్తానా, మిగతా పదమూడింటికీ కూడా ఎవరైనా ఏమైనా పూశారేమో, అలా అయితే అందరం సమానమే, లేదు, ఆరు రీసెర్చి స్టేషన్‌లో తీసుకున్నవి, మందు కలపని గింజలే కావాలండీ అని రెండుసార్లు అడిగి, వాళ్లతో రాయించుకుని మరీ తీసుకున్నాను, మిగతా ఏడు సంతల్లో తీసుకున్నవి, చింతామణి, పావగడ, కదిరి, మడకశిర, ఎండలో తిరిగి తిరిగి, తినడానికి అమ్మే ఉలవలకి ఎవరూ ఏమీ పూయరు, బస్తా విప్పించి వాసన చూసి అడిగాను అక్కడ కూడా, ఏమైనా కలిపారా అన్నా అని, ముక్కూ మొహం తెలియని మనుషుల్ని పదమూడుసార్లు అడిగాను, అత్తని అడగలేదు, మన అత్తేగా, మన ఉలవలేగా, సంచి ఇచ్చింది, కళ్లకద్దుకుని తెచ్చుకున్నాను, సంచిలో చెయ్యి పెట్టినప్పుడు వేళ్లకి జిడ్డు తగిలే ఉంటుంది, తగిలిందా, ఇంటి గింజ కదా నున్నగా ఉంది, పచ్చగా అంటింది కళ్లం దుమ్ము అనుకున్నానేమో, ఎవరి దగ్గర జాగ్రత్తగా ఉన్నానో అక్కడ ఏమీ లేదు, ఎక్కడ ఉందో అక్కడ నేను జాగ్రత్తగా లేను, పచ్చ అట్ట నోటుబుక్కు సంచిలో ఉంది, అందులో వెతికితే మొదటి రోజు ఏం రాశానో తెలుస్తుంది, వద్దులే, కదిలే బస్సులో చదివితే నాకు కడుపులో తిప్పుతుంది.

బస్సు కదలడమే లేదు, అది వేరే సంగతి.

అత్తకి ఎలా చెప్పాలి, అది ఇంకో గొడవ, నాకు ఈ ఉలవలు ఇచ్చింది చేను అమ్మిన ఏడాది, 2002, వర్తూరు చెరువు వైపు పోయే దారిలో రెండున్నర ఎకరాల మెట్ట, నీళ్లు లేవు, ఉలవ తప్ప ఇంకేదీ గట్టిగా పండేది కాదు, చుట్టూ అందరూ లేఅవుట్లకి ఇచ్చేశారు, మధ్యలో ఒక్క తునక మిగిలింది, అటు ట్రాక్టరు పోదు ఇటు ఎద్దు పోదు, చివరికి అత్త కూడా వేలిముద్ర వేసింది, ఇప్పుడు అక్కడ ఐదంతస్తుల బిల్డింగు, బాల్కనీల్లో బట్టలు ఆరేసుకుంటున్నారు, చివరి పంట నూర్చిన రోజు నేను కూడా వెళ్లాను, ఫిబ్రవరి, అత్త కళ్లం మీద కూర్చుని ఏడవలేదు, ఏడుస్తుందని మా నాన్న పక్కనే నిలబడ్డాడు, ఆమె మాత్రం పాపా, నీ కాలేజీలో అందరి ఉలవలూ పెడతా ఉండావంట కదా, మనవి కూడా పెట్టు అంది, అంతే, అలా పెట్టాను, పధ్నాలుగోది అదే, పదమూడుతోనే ప్రాజెక్టు రాసుకున్నాం, సారుని బతిమాలి పధ్నాలుగోది చేర్చాను, అప్పుడు కూడా సారు అడిగాడు, సొంత ఇంటి శాంపిల్ ఎందుకమ్మా, కండ్లకు గంతలు కట్టుకున్నట్లయితాది, అన్నాడు, ఆయనది హిందూపురం వైపు, ఎవరూ లేనప్పుడు నాతో తెలుగులోనే మాట్లాడతాడు, లేదు సార్ నేను చాలా నిష్పక్షపాతంగా ఉంటాను అన్నాను, ఎంత గట్టిగా అన్నానో తల్చుకుంటే ఇప్పుడు చెవులు వేడెక్కుతున్నాయి, రిజల్ట్ వచ్చిన రోజు వర్తూరుకి వెళ్లి చెప్పాను, అత్తా నీ ఉలవ ఫస్ట్ వచ్చింది, పధ్నాలుగింటిలో ఫస్ట్, ఆమె నమ్మలేదు, మళ్లీ చెప్పు అంది, మళ్లీ చెప్పాను, అప్పుడు ఏడ్చింది, చేను అమ్మినప్పుడు రాని ఏడుపు అప్పుడు వచ్చింది, వీధిలో మునినారాయణప్ప ఇంటి దగ్గర మొదలుపెట్టి చివరి ఇంటిదాకా మోకాళ్లు ఈడ్చుకుంటూ పోయి చెప్పింది, మా చేను ఉలవ గెలిచిందప్పా, మా శశి మిషన్‌లో పెట్టి చూసింది, అది తాగితే మోకాళ్ల వాపు పోతాదంట, అని, తాను రోజూ తాగుతూనే ఉంది, వాపు పోనేలేదు, పొద్దున మోకాళ్లు చూశాను కదా, చాట అంచుకంటే ఎత్తుగా ఉబ్బి ఉన్నాయి, రెండేళ్లుగా రోజూ తాగుతున్న మనిషి మోకాళ్లు నా కళ్ల ముందే ఉన్నాయి, అయినా నేను వాపు తగ్గించే గుణంలో ప్రథమ స్థానం అని పెద్ద అక్షరాల్లో టైపు చేయించుకున్నాను, అయ్యో అత్తా.

చెప్పకపోతే ఏం, ఎవరికి తెలుస్తుంది, నిజంగా అడుగుతున్నాను, ఎవరికి తెలుస్తుంది, ధార్వాడ నుంచి వచ్చే ఎగ్జామినర్ పెద్దాయన, స్లైడ్లు మారుతుంటే కునుకు తీస్తాడని పేరు, ఆయన లేచి వర్తూరు వెళ్లి అక్కయమ్మా నువ్వు పసుపు పూశావా అని అడుగుతాడా, అడగడు, సారు జర్నల్‌కి పేపర్ పంపేశాడు, థీసిస్ ఐదు కాపీలు బైండింగ్‌కి వెళ్లడానికి సిద్ధంగా ఉన్నాయి, స్కాలర్‌షిప్పు మార్చితో ఆగిపోయింది, ముప్పై ఒకటో ఏడు వచ్చింది, ఇంకెన్నాళ్లమ్మా అని అమ్మ అడగడం కూడా మానేసింది, అడగడం మానేశాకే ఎక్కువ నొప్పిగా ఉంది, ఈ రోజు ముగిస్తే అక్టోబరుకల్లా డాక్టర్ శశికళ, ముగించకపోతే మళ్లీ గింజలు, మళ్లీ సారాలు, మళ్లీ ఊదారంగు, ఎన్ని నెలలో, పైగా నేనేమీ మోసం చేయలేదు కదా, తెలిసి చేస్తే మోసం, తెలియక జరిగితే అది పొరపాటు, పొద్దున ఆరింటిదాకా నాకు తెలియదు, ఆరు తర్వాత తెలిసింది, ఐదేళ్ల పనికీ ఆరున్నరకి తెలిసిన సంగతికీ ఏమిటి సంబంధం, కిటికీలోంచి చూశాను, రామ్మూర్తినగర్ దాటేశాం, ఎప్పుడు దాటామో, జిగణిలో మందుల కంపెనీ ఒకటి సారుకి ఉత్తరం రాసింది, వర్తూరు నల్ల ఉలవ సారంతో మోకాళ్ల నొప్పులకి మాత్రలు చేస్తాం, మీ లెక్కలు ఇవ్వండి అని, సారు నా చేతికిచ్చి చదువుకోమ్మా, మన పని జనానికి పోతా ఉంది అన్నాడు, ఆ ఉత్తరం కూడా సంచిలోనే ఉంది, వాళ్లు మాత్రలు చేస్తారు, పసుపు పూయరు, వాళ్లకి పూయాలని తెలియదు, వాళ్లకి అత్త లేదు, ఉబ్బిన మోకాళ్లతో ఎవరో ముసలావిడ, వేరే ఊళ్లో, పొద్దునా సాయంత్రం నీళ్లతో మాత్ర మింగుతుంది, రేపటికి తగ్గుతుందేమో అని కాళ్లు చాచుకుని చూసుకుంటుంది, ఆవిడ మొహం ఎలా ఉంటుందో అనుకోబోతే అక్కయమ్మత్త మొహమే వస్తోంది, ఇంకో మొహం పెట్టుకుందామన్నా రావడం లేదు.

అయినా పూర్తిగా రుజువు కావాలి కదా, అత్త మాట ఒక్కటీ పట్టుకుని ఐదేళ్ల పని పారబోస్తారా ఎవరైనా, పసుపు పూయని ఉలవ, అదే చేనుది, అదే పంటది తెచ్చి, అదే పరీక్ష చేసి చూస్తే కదా పసుపు సంగతి తేలేది, అలాంటి గింజలు ఇప్పుడు ఎక్కడున్నాయి, లేవు, చేను లేదు, ఆ పంట తిని అరిగించుకుని కూడా రెండేళ్లయింది, కాబట్టి తేల్చడానికి వీల్లేదు, వీల్లేనప్పుడు ఎవరు మాత్రం ఏం చేస్తారు, హమ్మయ్య అనుకోబోయాను, అనుకోలేకపోయాను, ఎందుకంటే అలాంటి గింజలు ఒకప్పుడు ఉన్నాయి, అత్త వంటింట్లో బిస్కెట్ల డబ్బాలో ఉండేవి, కట్టుకి వాడుకునేవి, తినేవాటికి పసుపూ ఆముదం పూయదు కదా, అదే కళ్లంలో అదే రోజు నూర్చినవి, రెండు భాగాలు చేసి విత్తనానికి కొన్ని, తినడానికి కొన్ని, ఆ డబ్బా నాకు ఎలా తెలుసు, తెలుసు, మూత సొట్టపోయి ఉంటుంది, స్పూనుతో తీయాలి, ఆ డబ్బాలోంచి నేను ఒక దోసెడు తీసుకుని రుమాల్లో మూటకట్టుకున్నాను, ఎప్పుడు, పోయిన జూలై, మూడోసారి పరీక్ష చేయాల్సి వస్తే సంచిలో గింజలు అయిపోయాయి, వర్తూరు వెళ్తే అత్త ఇంట్లో లేదు, తాళం పక్కింట్లో ఇచ్చి ఆస్పత్రికి పోయింది, నేనే తలుపు తీసుకుని, నేనే డబ్బా తీసుకుని, అవును, తెచ్చాను, కడిగాను, మూడుసార్లు, ఆరబెట్టాను, పొడి చేశాను, సారం తీశాను, ఊదారంగులో చుక్కలు వేశాను, తర్వాత.

తర్వాత ఏమైందో గుర్తులేదు అని నాకు నేను చెప్పుకుంటున్నాను, బస్సు హెణ్ణూరు దాటింది, పక్క సీటు ఆవిడ దిగిపోయింది, ఆవిడ చోట ఇంకెవరూ కూర్చోలేదు, గుర్తులేకపోతే పచ్చ నోటుబుక్కు ఉంది కదా, సంచిలో చెయ్యి పెడితే అట్ట తగిలింది, కడుపులో తిప్పుతుంది వద్దు అన్నాను, ఈ రూట్లో ఐదేళ్లుగా ఇదే బస్సులో చదువుకుంటూనే వెళ్తున్నాను, ఒక్క రోజు తిప్పలేదు, అరవై మూడో పేజీ, నెంబరు కూడా తెలుసు, చూడకుండానే తెలుసు, గుర్తులేని పేజీకి నెంబరు ఎలా గుర్తుంది శశికళా, తీశాను, డబ్బా జారిపోకుండా మోచేత్తో పట్టుకుని తీశాను, నా చేతిరాత, చక్కగా, జూలై పద్దెనిమిది, వర్తూరు నల్ల ఉలవ, మూడోసారి, దాని కింద అంకె, అంకె మీద అడ్డంగా ఒక గీత, స్కేలు పెట్టి గీసినది, మొదటి వారంలోనే సారు నేర్పించాడు, తప్పు రాస్తే రబ్బరుతో చెరిపేది లేదు, తెల్ల రంగు పూసేది లేదు, ఒక్క గీత గీయాల, కింద ఉండే అంకె నేను చదవగలగాల, పక్కన కారణం రాసి సంతకం పెట్టాల, అన్నాడు, అన్నట్టే చేశాను, ఎంత బుద్ధిమంతురాల్నో, గీత కింద నలభై ఒకటి, తేటగా, ఎవరైనా చదవగలిగేట్టు, పక్కన కారణం, నమూనా పాతది, పురుగు పట్టి ఉండవచ్చు, సంతకం.

నమూనా పాతది కాదు, ఒకే కళ్లం, ఒకే రోజు, నేను అక్కడే ఉన్నాను, పురుగు లేదు, ఒక్కో గింజా ఏరి చూశాను, ఆ సాయంత్రం ల్యాబులో ఆ అంకె చూసి నాళిక వెలుతురుకి పెట్టి మళ్లీ మళ్లీ చూశాను, పల్లవి వచ్చి ఒక్క రీడింగ్ అలా వస్తుంటుంది శశీ, డ్రాప్ చేసేయ్ అంది, పల్లవి మీద నెట్టడానికి లేదు, ఆ పిల్ల ఎక్కడ తెచ్చావని అడిగింది కూడా, నేను మాట మార్చాను, ఫ్రిజ్‌లో సంచి గింజల పాత పొడి ఒక చెంచా మిగిలి ఉంటే అది తీసి మళ్లీ చేశాను, ఎనభై ఏడు వచ్చింది, ప్రాణం లేచి వచ్చింది, దాన్నే రాసుకున్నాను, బిస్కెట్ల డబ్బా గింజల సారం ఇంకా మిగిలే ఉంది, దానితో గుడ్డు పరీక్ష చేయలేదు, ఎందుకు చేయలేదు, పాతదని నమ్మితే చేసి చూసి నవ్వుకునేదాన్ని, నమ్మలేదు కాబట్టి చేయలేదు, సింకులో పారబోసి నాళిక కడిగేశాను, మంచి నీళ్లతో, తర్వాత అత్తకి ఫోన్ చేసి మోకాళ్లు ఎలా ఉన్నాయి అని అడిగాను, డబ్బాలో గింజలకీ సంచిలో గింజలకీ ఏమిటి తేడా అత్తా అని ఒక్క ముక్క అడిగితే చాలు, ఆమె అప్పుడే చెప్పేది, దాచుకునే మనిషి కాదు, పొద్దున అడగ్గానే చెప్పలేదూ, అడగకుండా ఉన్నది నేను, ఏడాదిగా, అత్త పూసిన పసుపు చేతులారా, అందరూ చూస్తుండగా, దీవించి పూసినది, నేను గీసిన గీత ఎవరూ లేనప్పుడు గీసినది, ఆమె పసుపు వల్ల నా పని పాడైందని పొద్దున్నుంచీ ఆమె మీద కోపం తెచ్చుకుందామని చూస్తున్నాను, ఎంత ప్రయత్నించినా రావడం లేదు, నాగవార దాటాం, హెబ్బాళ చెరువు కనిపిస్తోంది, పదకొండింటికి ముందే సారు గదికి వెళ్లాలి, ఉలవకట్టు డబ్బా, దాని పక్కన ఈ పేజీ తెరిచి పెట్టాలి, సారు ఏమంటాడో తెలియదు, అనేది అననీ, సాయంత్రం ఇంటికి వెళ్లి అత్త పక్కన కింద కూర్చుని ఆమెకీ చెప్పాలి, అది ఇంతకంటే కష్టం, పేజీ తిప్పి పధ్నాలుగింటి పట్టిక మీద వేలు పెట్టి లెక్కపెట్టాను, మాది తీసేసి, పైనుంచి, చింతామణి యాభై ఎనిమిది, ఇంకా నాలుగు, ఆరోది కదిరి నలభై మూడు, దాని కింద నలభై ఒకటి పెడితే సరిగ్గా అక్కడ కూర్చుంది, ఎనిమిదోది పావగడ, ఎక్కడిదక్కడే ఉంది, దాన్ని కదపాల్సిన పని కూడా లేదు, మా ఉలవ ఏడోది, ఈ సంగతి నాకు పోయిన జూలై నుంచీ తెలుసు.